దూడ దగ్గర నిలబడ్డ పిల్ల

మా అంగన్‌వాడీ గది పైకప్పు నుంచి పెద్ద పెచ్చు ఊడిపడినప్పుడు నేనొక్కదాన్నే లోపల ఉన్నాను. జూలై వానలు. పిల్లలు రావడానికి ఇంకా అరగంట టైముంది. చీపురు పట్టుకుని గుమ్మం దాకా వచ్చానో లేదో, వెనక బస్తా పడేసినట్టు చప్పుడైంది. తిరిగి చూస్తే, రోజూ పిల్లల్ని కూర్చోబెట్టే చాప నిండా సిమెంటు ముక్కలు. పైన తుప్పు పట్టిన ఊచలు బయటపడి కనిపిస్తున్నాయి.

నేను అక్కడ ఆయాని. పాలు కాచడం, గుడ్లు ఉడకబెట్టడం, పిల్లల్ని ఇళ్ళ నుంచి తీసుకొచ్చి దింపడం నా పని. చదువు చెప్పడానికి టీచరుగారు ఉన్నారు. నాకంటే పదేళ్ళు చిన్న. ఆవిడ వచ్చి చాప చూసి, తల పైకెత్తి ఊచలు చూసి, గుమ్మంలోనే నిలబడిపోయారు.

"అక్కా, ఇవాళ్టి నుంచి ఒక్క పిల్లని కూడా ఇందులో కూర్చోబెట్టను. పైవాళ్ళకి కాయితం రాసేస్తాను. బాగుచేసేదాకా ఎక్కడో అక్కడ సర్దుకుందాం."

ఎక్కడో అక్కడ అంటే గది వెనక కొబ్బరితోట తప్ప మాకు వేరే చోటు లేదు. రాజోలుకి దగ్గరలో ఏటి పాయ పక్కనుండే పల్లె మాది. గుమ్మం దాటితే తోటలే. ఆ తోట రైతుగారికి అరవై ఏళ్ళు. కొబ్బరి నీడన అరటి, కోకో వేసుకుని, ఒక పక్కన పశువుల పాక కట్టుకున్నారు. పాకలో ఒక ఆవు, రెండు గేదెలు, నాలుగు మేకలు. పక్కన నీళ్ళు పారే పంట బోదెలో బాతులు. టీచరుగారు మొహమాటపడుతూ అడిగితే ఆయన వెంటనే, "ఆయ్, తీసుకురండి. దానికి నన్నడగాలేంటండీ?" అన్నారు. ఆ మాట అంటూనే చెట్ల మీదకు చూశారు. "మొన్న దింపు తీయించిన చెట్ల కిందే కూర్చోబెట్టండి. అటుపక్క కాయలు ఇంకా దింపలేదు. నెత్తిన పడితే ఇంకేవన్నా ఉందా?" అని, వాకిట్లో ముగ్గు పోసినట్టు సున్నంతో గీత గీసి ఇచ్చారు. ఆ గీత లోపల మా బడి మొదలైంది.

మొదటి వారం తల్లులు ఊరుకోలేదు. "చదువుకోడానికి పంపితే మేకలు కాయిస్తన్నారేంటండీ?" అని ఒకావిడ, "పాములుంటాయి కదండీ" అని ఇంకొకావిడ. రోడ్డు మీద ఇంగ్లీషు మీడియం బడి వ్యాను హారన్ కొట్టుకుంటూ వెళ్తుంటే మా పిల్లల బట్టలకంటిన మట్టి చూసి వాళ్ళకు మరీ బాధగా ఉండేది. ఇద్దరు పిల్లల్ని మానిపించి ఆ వ్యాను ఎక్కించారు కూడా. టీచరుగారు ఎవరితోనూ వాదించలేదు. "నెల్లాళ్ళు చూడండి. అప్పటికీ నచ్చకపోతే మీ ఇష్టం" అనేవారు.

ఆ నెల్లాళ్ళూ పిల్లలకంటే ఎక్కువ చూసింది నేనే అనుకుంటాను. గదిలో ఉన్నప్పుడు ఒకటి రెండు అని గోడమీద అంకెలు చూసి అరిచేవాళ్ళు. తోటలో రాలిన కొబ్బరి పిందెలు ఏరి కుప్పలు పోసేవాళ్ళు. పది పిందెలు పెట్టమంటే పది పెట్టి, పదకొండోది జేబులో దాచుకునేవాళ్ళు. బాతుకి రెండు కాళ్ళు, మేకకి నాలుగు అని ఎవరూ చెప్పకుండానే లెక్కపెట్టారు. మేక ఏ ఆకు తింటుందో, ఏ ఆకు మూతి తిప్పుకుని వదిలేస్తుందో వాళ్ళకు తెలిసిపోయింది. ఒకసారి గడ్డిమేటు దగ్గర పాము కుబుసం దొరికితే రైతుగారు దాన్ని కర్రతో ఎత్తి చూపించి, ఏది కనిపించినా పరుగెత్తకుండా నిలబడి పెద్దవాళ్ళని పిలవాలని నేర్పించారు. మర్నాడు ఒక పిల్లాడు వానపాముని చూసి బిగుసుకుపోయి, "పెద్దవాళ్ళూ!" అని కేక పెట్టాడు. అందరం నవ్వాం. నెల తిరిగేసరికి మానేసిన ఇద్దరిలో ఒకడు తిరిగొచ్చాడు.

నేను నవ్వేదాన్నే గానీ, ఇంటికి వెళ్ళాక అదంతా చెప్పుకోవడానికి ఎవరూ ఉండేవారు కాదు. ఈ ఆయా పనిలో చేరకముందు నేను పదకొండేళ్ళు కువైట్‌లో ఒకే ఇంట్లో పనిచేశాను. ఆ ఇంట్లో ముగ్గురు పిల్లలు నా చేతుల మీదే పెరిగారు. చిన్నబాబుకి మీట నొక్కితే అరిచే ప్లాస్టిక్ ఆవు ఉండేది. వాడికి ఆవంటే అదే. పదకొండేళ్ళలో వాడూ నేనూ కలిసి ఒక్క చెట్టు కింద కూర్చోలేదు. ఏసీ గదిలో తివాచీ మీద కూర్చునేవాళ్ళం. నేను అక్కడుండగానే మా ఆయన పోయారు. నా కూతురు మూడేళ్ళ వయసు నుంచి మా అక్క దగ్గర పెరిగింది. అక్కని అమ్మ అని, నన్ను కువైట్ అమ్మ అని పిలవడం అలవాటు చేసుకుంది. నేను వచ్చేశాక కొన్నాళ్ళు నా దగ్గరుండి మళ్ళీ మా అక్క వాళ్ళింటికే వెళ్ళిపోయింది. అక్కడి నుంచి హాస్టలుకి వెళ్ళింది. ఆదివారం నేను గుడి నుంచి వచ్చే వేళకి ఫోను చేసేది. "తిన్నావా?" "తిన్నాను." "చదువుతున్నావా?" "చదువుతున్నాను." అంతకు మించి మాకు మాటలు దొరికేవి కావు.

తోటకి మారిన నెలలోనే ఆ పిల్ల మా దగ్గరికి వచ్చింది. మూడున్నరేళ్ళు ఉంటాయి. వాళ్ళ నాయనమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, "వాళ్ళమ్మ కువైట్ ఎళ్ళిందండి, పదిరోజులైంది. ఇది అప్పట్నించి మాటాడ్డం మానేసింది. పిల్లల్లో పడితే మామూలైపోద్దేమోనని" అని వదిలి వెళ్ళింది. తండ్రి లారీ మీద తిరుగుతాడు. ఇంట్లో ఉండేది తక్కువ.

పిల్లల్లో పడినా ఆ పిల్ల మాట్లాడలేదు. పేరు అడిగితే కళ్ళు దించుకునేది. ఏడ్చేది కూడా కాదు. అటెండెన్సు అయ్యాక మెల్లగా లేచి పశువుల పాక దగ్గరికి వెళ్ళి, రాటకి కట్టిన పెయ్యదూడ ముందు నిలబడేది. ముట్టుకునేది కాదు. అన్నం వేళ దాకా అలా నిలబడే ఉండేది. లాక్కొచ్చి కూర్చోబెట్టబోతే టీచరుగారు వద్దన్నారు. "ఉండనివ్వండక్కా. మీరు మాత్రం దగ్గర్లో ఉండండి." దాంతో నేను పాక దగ్గరే ఒక పీట వేసుకుని కూరగాయలు తరుక్కునేదాన్ని.

రోజూ తొమ్మిదింటికి రైతుగారు ఆవుని విప్పి ఏటిగట్టు మీదికి మేతకి తోలుకెళ్ళేవారు. దూడ పలుపు లాగి లాగి అరిచేది. తరవాత అలిసిపోయి పడుకునేది. పదిహేను రోజులో, ఇరవై రోజులో అయ్యాక, ఆవు తోట దాటి వెళ్తుండగా ఆ పిల్ల మొదటిసారి నోరు విప్పింది.

"దీనమ్మ ఎక్కడికెళ్తంది?"

రైతుగారు ఆగారు. నా చేతిలో కత్తి ఆగిపోయింది.

"మేతకమ్మా. సాయంత్రం వచ్చేత్తాది" అన్నారాయన.

"సాయంత్రం అంటే ఎన్ని రోజులు?"

ఆయన నావైపు చూశారు. తరవాత పిల్ల పక్కన గొంతుక్కూర్చుని, "రోజులు కాదమ్మా, ఇవాళే. పొద్దు అదిగో ఆ చెట్టు తలకాయకి దిగాక. కావాలంటే ఉండి చూడు" అన్నారు.

వాళ్ళ నాయనమ్మకి చెప్పి ఆ రోజు ఆ పిల్లని నా దగ్గరే ఉంచుకున్నాను. మిగతా పిల్లల్ని ఇళ్ళకి దింపేసి వచ్చి ఇద్దరం పాక దగ్గర కూర్చున్నాం. ఎండ పచ్చబడింది. గట్టు మీద ఆవు కనిపించకముందే దూడ లేచి నిలబడి చెవులు రిక్కించింది. ఆవు వచ్చి దాని ఒళ్ళంతా వాసన చూసి నాకింది. పలుపు విప్పగానే దూడ పొదుగులో తలపెట్టి కుమ్మి కుమ్మి తాగింది. ఆ పిల్ల గుడ్లప్పగించి చూసింది.

"ఎందుకు వాసన చూస్తంది?"

"తన బిడ్డేనా కాదా అని. వాసనతోనే గుర్తు పడతాది" అన్నారు రైతుగారు.

మర్నాడు పొద్దున్నే ఆ పిల్ల తను ముందురోజు వేసుకున్న గౌను చుట్టచుట్టి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. ఉతకలేదు. "అమ్మకి పంపించు, ఆయమ్మా" అంది. మా పల్లె నుంచి కువైట్‌కి మనుషులు వెళ్తూనే ఉంటారు, ఆవకాయలూ మందులూ పట్టుకుని. అలా వెళ్తున్న ఒకావిడ పెట్టెలో ఆ గౌను కవరులో కట్టి పెట్టించాను. అది అందిన రోజున వాళ్ళమ్మ నా నంబరు సంపాదించి ఫోను చేసింది. చాలాసేపు ఏడుస్తూనే ఉంది. నేను ఆపమనలేదు. అక్కడ ఏడ్చేవాళ్ళకి అవతలి నుంచి ఎవరైనా ఊరికే ఫోను పట్టుకుని ఉంటే చాలు. నాకది తెలుసు.

అప్పటి నుంచి వారానికి రెండు మూడుసార్లు, తను పనిచేసే ఇంటి పిల్లల్ని బడికి పంపాక, ఆవిడ వీడియో కాల్ చేసేది. మొదట్లో ఆ పిల్ల ఫోను వైపు చూసేదే కాదు. నేను ఫోనుని దూడ వైపు తిప్పి పట్టుకున్నాను. అప్పుడు తనంతట తనే దూడ గురించి చెప్పడం మొదలుపెట్టింది. దూడకి కొమ్ములు మొలుస్తున్నాయి, దూడ నా చెయ్యి నాకింది, దూడకి తవుడంటే ఇష్టం. తెర మీద తల్లి ముఖం, తెర ముందు దూడ ముఖం, పక్క నుంచి పిల్ల గొంతు. అలా మాట్లాడుకునేవాళ్ళు.

ఆ పిల్ల నన్ను వదిలేది కాదు. అన్నం నేనే పెట్టాలి, ముక్కు నేనే తుడవాలి. నాకది ఎంత బాగుండేదో చెప్పలేను. ఒకరోజు కోకో చెట్ల కింద కాలిలో ముల్లు దిగితే ఒళ్ళో పడుకోబెట్టుకుని తీస్తున్నాను. "నెమ్మదిగా తియ్యి అమ్మా" అంది.

నేను సరిదిద్దలేదు.

మర్నాడూ అమ్మా అనే పిలిచింది. ఆ మర్నాడూ అంతే. టీచరుగారు వినలేదు, లేదా విననట్టు ఊరుకున్నారు. నా సొంత కూతురు వట్టి అమ్మా అని నన్ను పిలిచిన రోజులు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఆ పిలుపు వినడానికే పొద్దున్న తొందరగా లేచి తయారయ్యేదాన్ని. తప్పని తెలిసే చేశాను. ఎనిమిది తొమ్మిది రోజులు అలా గడిచాయి.

తరవాత ఒక కాల్‌లో, తల్లి తెర మీద ఉండగానే, ఆ పిల్ల నా కొంగు లాగి, "అమ్మా, దూడని ఇటు తిప్పు" అంది.

ఆవిడ వింది. నేను ఫోను దించేశాను. మళ్ళీ ఎత్తేసరికి ఆవిడ నవ్వు ముఖం పెట్టుకుని ఉంది.

"పర్లేదక్కా. ఎవర్నో ఒకర్ని పిలుచుకోనివ్వండి" అంది.

సరిగ్గా ఇదే మాట ఒకప్పుడు నేను మా అక్కతో అన్నాను. అన్నాక ఫోను పెట్టేసి, మేడంకి వినబడకుండా బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చాను.

ఆ రోజు అన్నాలయ్యాక పిల్లని పక్కకి తీసుకెళ్ళి కూర్చోబెట్టుకున్నాను. "నేను అమ్మని కాదు నాన్నా, ఆయమ్మని. నీకు అమ్మ ఉంది. ఫోనులో నీతో మాట్లాడేది అమ్మే. అమ్మా అని ఆవిణ్ణే పిలవాలి" అన్నాను. ఆ పిల్ల నా ముఖంలోకి చూసి, నా ఒళ్ళోంచి దిగి, రైతుగారి దగ్గరికి వెళ్ళి కూర్చుంది. వారం రోజులు నా చేతి ముద్ద తినలేదు. ఆ వారం ఇంట్లో నాకూ ముద్ద దిగలేదు.

తరవాత ఆ అలక తీరింది గానీ, ఆ పిలుపు మళ్ళీ రాలేదు. అది నేను కోరి చేసిందే కదా.

రెండేళ్ళ గడువు పూర్తయి ఆవిడ తిరిగొస్తున్నానని చెప్పినప్పుడు ఆ పిల్లకి ఐదున్నరేళ్ళు. గదికి మరమ్మతు మంజూరైందని అంటూనే ఉన్నారు గానీ మేమింకా తోటలోనే ఉన్నాం. "అక్కా, నన్ను చూసి దగ్గరికొస్తాదంటారా?" అని ఆవిడ ప్రతి ఫోనులోనూ అడిగేది. వస్తుందని ఎలా చెప్పను? నేను తిరిగొచ్చిన రోజు నా కూతురు మా అక్క వెనక దాక్కుంది. నేను ఆగలేకపోయాను. చెయ్యి పట్టి లాగి, గుండెకి అదుముకుని గట్టిగా ఏడ్చాను. అది భయపడి కెవ్వుమంది, పద్నాలుగేళ్ళ పిల్ల. అంతమంది చుట్టాల ముందు నన్ను తోసేసి లోపలికి పరుగెత్తింది. ఆ తరవాత ఆ సంగతి నేనూ ఎత్తలేదు, అదీ ఎత్తలేదు.

ఆ ఆదివారం ఫోను వచ్చినప్పుడు, తిన్నావా చదువుతున్నావా అయిపోయాక, నేను పెట్టెయ్యలేదు. ఈ పిల్ల సంగతి, వాళ్ళమ్మ వస్తున్న సంగతి చెప్పాను.

"ఆవిడ ఏం చేస్తే బాగుంటుందో నాకు తెలీడం లేదు. నీకు తెలుస్తుందేమోనని" అన్నాను.

అవతల తలుపు వేసిన చప్పుడైంది.

"ముందు ముట్టుకోవద్దని చెప్పమ్మా" అంది నా కూతురు. "ఏడవద్దని చెప్పు. దాని పక్కన ఊరికే కూర్చోమను. అదే చూసుకుంటాది."

"సరే" అన్నాను. నాకింకేదో అనాలని ఉంది. అది "క్లాసుంది" అని పెట్టేసింది. ఆదివారం క్లాసులుండవు.

నేను ఆ మాటలే ఆవిడకి అప్పగించాను. ఇంటి దగ్గర చుట్టాలందరూ గుమిగూడతారు, అక్కడ వద్దు, నేరుగా తోటకి రమ్మన్నాను. ఆవిడ హైదరాబాదులో దిగి, బస్సులో తాటిపాక వచ్చి, అక్కడి నుంచి ఆటోలో పది గంటలకి తోట ముందు దిగింది. నేను ఎదురెళ్ళేసరికి చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ నిలబడి ఉంది. "ముట్టుకోనక్కా, నిజంగా ముట్టుకోను" అంది, నేనేమీ అనకముందే.

పిల్ల దూరం నుంచే చూసింది. గబుక్కున వచ్చి నా వెనక దాక్కుని చీర పట్టుకుంది. తల్లి అడుగు ముందుకు వేయబోయి, ఆగి, వెళ్ళి పాక దగ్గర నా పీట మీద కూర్చుంది. ఆ పాత పెయ్య అప్పటికి బాగా ఎదిగింది. ఆవుకి కొత్త దూడ పుట్టి నెల రోజులైంది. ఆవిడ దాన్నే చూస్తూ కూర్చుంది. కళ్ళ నీళ్ళు ఆపుకోవడానికి కింది పెదవి పంటితో నొక్కిపట్టడం నాకు కనిపిస్తూనే ఉంది. టీచరుగారు మిగతా పిల్లల్ని అవతలికి తీసుకెళ్ళి కొబ్బరాకు బూరలు చేయిస్తున్నారు.

అరగంట గడిచింది. ఆవిడ పక్కనున్న తవుడు గిన్నెలోంచి గుప్పెడు తీసి పెద్ద పెయ్య మూతి దగ్గర పెట్టింది. వేళ్ళు ముడిచి పెట్టింది. పెయ్య మూతితో వేళ్ళని పొడిచింది.

నా చీర వదులైంది.

"అలా కాదు" అంది పిల్ల, నా వెనక నుంచే. "చెయ్యి చాపాలి. వేళ్ళు ముడిస్తే కరుత్తాది."

"ఎలా?" అంది ఆవిడ. తల తిప్పలేదు.

పిల్ల వెళ్ళింది. ఆవిడ చేతిని రెండు చేతులా పట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, అరచెయ్యి చదునుగా పెట్టి, దాని కింద తన చెయ్యి ఆన్చింది. పెయ్య తవుడు నాకేసింది. ఇద్దరూ అలా పట్టుకునే ఉన్నారు.

నాకు అక్కడ పని లేదని తెలిసి కుళాయి దగ్గరికి వెళ్ళాను. పొద్దుటి పాలగ్లాసులు తోమాల్సి ఉన్నాయి. తోమినవే మళ్ళీ తోమాను. రైతుగారు గడ్డి మోపుతో అటు వెళ్తూ, "ఏవమ్మా, అలా ఉన్నావ్?" అన్నారు. "ఏం లేదండీ, గ్లాసులు" అన్నాను. ఆయన మోపు దింపి, కుళాయి కట్టేసి, మళ్ళీ మోపెత్తుకుని వెళ్ళిపోయారు.

వాళ్ళిద్దరూ మధ్యాహ్నం ఇంటికి వెళ్ళారు. పిల్ల తల్లి చెయ్యి పట్టుకోలేదు గానీ, పక్కనే నడిచింది. మూడో రోజున చెయ్యి పట్టుకుందని ఆవిడే వచ్చి చెప్పింది. మరుసటి జూన్‌లో ఒకటో తరగతిలో చేర్పించారు. ఇప్పుడు సంచి తగిలించుకుని మా ముందు నుంచే వెళ్తుంది. "ఆయమ్మా!" అని చెయ్యి ఊపుతుంది. కబుర్లున్న పిల్ల అయింది. ఆగదు.

మా గది కూడా బాగుపడింది. కొత్త శ్లాబు, రంగులు, గోడ మీద ఆవు బొమ్మ. లోపలికి వచ్చిన రోజు పిల్లలు ఆ బొమ్మని చూసి, "దీనికి దూడ లేదేంటి?" అని అడిగారు. రోజూ పంపే హాజరు ఫొటోలు గదిలో తీసినవే కావాలని పైవాళ్ళు చెప్పడంతో, టీచరుగారు వాళ్ళని బతిమాలి శనివారాలు మాత్రం పిల్లల్ని తోటకి తీసుకెళ్ళేలా ఒప్పించుకున్నారు. వారంలో మిగతా రోజులు తోట వైపు కిటికీ తెరిచి పెడతాను.

ఈ వేసవిలో నా కూతురు వచ్చి రెండు రోజులుంది. శనివారం నాతో తోటకి వచ్చింది. పిల్లలు చుట్టూ మూగితే మొదట ఇబ్బంది పడింది, తరవాత వాళ్ళతో బోదె దాకా వెళ్ళి బాతుల్ని లెక్కపెట్టింది. ఇంటికి వచ్చాక ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని అన్నం తిన్నాం. ఆదివారం కాకినాడ బస్సెక్కించాను. చేరగానే పెద్దమ్మకి ఫోను చేసి చెప్పడం దానికి అలవాటు, మర్నాడు అక్క నాకు చెబుతుంది. ఆ సాయంత్రం మాత్రం నా ఫోను మోగింది.

"చేరేనమ్మా" అంది.

"సరే నాన్నా" అన్నాను. పెట్టేసింది. నేను కాసేపు అలాగే కూర్చుని, లేచి దీపం వేసి, ఒక్కదానికి సరిపడా బియ్యం కడిగాను.